పడమటి ఐర్లండ్‌లో సగంలో ఆగిపోయే కరువు రోడ్లు, ఆకలి గడ్డి: ఎంతవరకు నమ్మొచ్చు?

మిగతావాళ్లకూ అర్థం కావాలి కాబట్టి మీ ప్రశ్నను ముందు కుదించి చెప్తాను. గాల్వేలో చదువుకుంటున్న మీరు కిల్లరీ సముద్రపాయ దక్షిణపు ఒడ్డున, గడ్డి మొలిచిన పాత బాట వెంట నడిచారు. దారిలో గొర్రెల మందతో ఎదురైన పెద్దాయన ఒకరు "ఇది ఫామిన్ రోడ్డు, తిండి లేనివాళ్లతో వేయించారు" అన్నారు. కొండవాలున ఒకచోట గడ్డి చూపించి, అలాంటిది తొక్కితే ఉన్నట్టుండి ఆకలి ముంచుకొచ్చి కూలబడిపోతారనీ, జేబులో ఎప్పుడూ రొట్టె ముక్క ఉంచుకోమనీ చెప్పారు. మీ రూమ్మేటేమో ఇవన్నీ టూరిస్టుల కోసం అల్లిన కబుర్లని కొట్టిపారేశాడు. ఎవరి మాట నిజం, అలాంటి చోట సరదాగా నడవొచ్చా అన్నది మీ సందేహం. మన వైపు కరువులకు దీనితో సంబంధం ఉందా అని కూడా అడిగారు.

సూటిగా చెప్పాలంటే: కిల్లరీ బాట విషయంలో పెద్దాయన మాటే నిజం. అది 1840ల కరువు పనుల్లో వేసిన బాటే. అయితే పడమటి ఐర్లండ్‌లో "ఫామిన్ రోడ్డు" అని చూపించే ప్రతి బాటా ఆ కరువు నాటిది కాదు. కొన్ని అంతకు ముందువి, కొన్ని తర్వాతవి. ఆకలి గడ్డి కథ టూరిజం పుట్టకముందు నుంచీ ఉంది, మీ రూమ్మేట్‌కు ఆ సంగతి తెలియదు. నడవడం తప్పేమీ కాదు. రొట్టె ముక్క మాత్రం నిజంగానే ఉంచుకోండి, కారణం కింద చెప్తాను.

నా సంగతి కాస్త. మాది ప్రకాశం జిల్లా. చాలా ఏళ్లుగా మేయో కౌంటీలో ఉంటున్నాను, వృత్తి రోడ్ల ఇంజనీరింగ్. సెలవు రోజుల్లో ఇక్కడి ఊరి చరిత్ర సంఘం వాళ్లతో కలిసి పాత బాటలు నడుస్తూ, వాటిని పటాలతో పోల్చి చూసే పని పెట్టుకున్నాను. అందుకని ఇది ప్రొఫెసర్ గారి జవాబు అనుకోకండి. కంకర, వాలు, తూము తెలిసినవాడి జవాబు.

ముందు రోడ్లు ఎందుకు ఆగాయో చూద్దాం

1845 సెప్టెంబరులో ఐర్లండ్ బంగాళాదుంప పొలాల్లో తెగులు కనిపించింది. ఆ ఏడాది పంట కొంత పోయింది, 1846లో దాదాపు మొత్తం పోయింది. పేద కుటుంబాలకు పొద్దునా రాత్రీ తిండి దుంపే. మన దగ్గర వరి పోతే జొన్న, జొన్న పోతే రాగి అనుకునే వీలైనా ఉండేది, వీళ్లకు తినడానికి రెండో పంట లేదు. ఓట్స్ ధాన్యం, గోధుమ పండాయి, కానీ అవి కౌలు కట్టడానికి అమ్ముకునే పంటలు. జనం చస్తున్నా ధాన్యం ఓడలెక్కి ఇంగ్లండ్ వెళ్తూనే ఉంది. 1841 జనాభా లెక్కల్లో 81 లక్షలు దాటిన దేశం 1851 నాటికి 65 లక్షలకు పడిపోయింది. సుమారు 10 లక్షల మంది చనిపోయారు, అంతకంటే ఎక్కువమంది ఓడలెక్కి వెళ్లిపోయారు.

ఊరికే తిండి పెడితే జనం సోమరులైపోతారన్నది అప్పటి లండన్ ప్రభుత్వం నమ్మకం. అందుకని పని పెట్టి కూలి ఇచ్చే పథకం తెచ్చారు. 1846 వేసవిలో పీల్ ప్రభుత్వం పోయి రస్సెల్ ప్రభుత్వం వచ్చాక షరతులు బిగుసుకున్నాయి. ఖర్చంతా ఆ ప్రాంతం వాళ్లే తర్వాత పన్నుల రూపంలో తీర్చాలి. చేసే పని ఏ ఒక్క భూస్వామికీ సొంత లాభం కలిగించకూడదు. పొలాల్లో మురుగు కాలవలు తవ్వితే భూస్వామికి లాభం. గట్లు కడితే భూస్వామికి లాభం. ఇక మిగిలింది రోడ్లు! అవసరం ఉన్నా లేకపోయినా రోడ్లు. మిట్ట తవ్వి పల్లం పూడ్చడం, కొండ చుట్టూ కొత్త బాట తీయడం, కంకర కొట్టడం. 1847 మార్చి మొదట్లో ఈ పనుల మీద 7 లక్షల మందికి పైగా ఉన్నారు. వాళ్లలో ఆడవాళ్లున్నారు, పిల్లలున్నారు.

కూలి రోజుకు మామూలుగా 8 నుంచి 10 పెన్నీలు. చాలాచోట్ల రోజు లెక్కన కాకుండా చేసిన పని కొలిచి ఇచ్చేవారు. బలం ఉన్నవాడికి నాలుగు డబ్బులు, తిండిలేక చేతులు వణికేవాడికి రెండు. పైగా ఆ చలికాలం మంచు విపరీతంగా పడింది. కూలి చేతికందడం కూడా ఆలస్యమయ్యేది. 1846 అక్టోబరులో కార్క్ కౌంటీ స్కిబరీన్ దగ్గర డెనిస్ మెకెనెడీ అనే కూలీ రోడ్డు పని మీదే పడి చనిపోయాడు. రావలసిన కూలి అప్పటికి బకాయి ఉంది. శవపంచాయితీ చేసిన జ్యూరీ ఆకలి చావని తేల్చి, పనులు నడిపే బోర్డు నిర్లక్ష్యమే కారణమని రాసింది. కాబట్టి "ఈ రోడ్డు వేస్తూ మనుషులు చనిపోయారు" అని ఎవరైనా చెప్తే అది అతిశయోక్తి అనుకోకండి. చనిపోయారు.

ఇక సగంలో ఆగడం. ఊళ్లో చెప్పే మాట: "చివరి కూలీ ఎక్కడ పడిపోయాడో రోడ్డు అక్కడ ఆగింది." నేను చూసిన కాగితాలు చెప్పేది: 1847 మార్చి 20 నుంచి కూలీలను 20 శాతం తగ్గించమని ఉత్తర్వు వచ్చింది, తర్వాత మిగతావాళ్లనూ దశలవారీగా తీసేశారు. ఖర్చు చేయి దాటింది, ఫలితం లేదు, ఇక గంజి కేంద్రాలు పెడదామని పై నుంచి నిర్ణయం. గంజి కేంద్రాలు మెరుగ్గానే పనిచేశాయి, ఆ జులైలో రోజుకు 30 లక్షల మందికి పైగా తిన్నారు. (తర్వాత సెప్టెంబరుకల్లా వాటినీ మూసేశారు, అది వేరే కథ.) కానీ తవ్విన రోడ్డు తవ్వినట్టే, పోసిన కంకర పోసినట్టే ఉండిపోయింది. అంతకు ముందు నడవడానికి పనికొచ్చిన దారులు కూడా తవ్వి వదిలేయడంతో బురదగుంటలయ్యాయి. రోడ్డును ఆపింది ఆఫీసు ఫైలు. ఊరి జ్ఞాపకం దానికి ఒక మనిషిని పెట్టుకుంది. ఆ మార్పు నాకు అబద్ధంలా అనిపించదు, కానీ రోడ్డు ఎక్కడ ఆగిందో అక్కడ సమాధి ఉందని పలుగు పట్టుకుని వెళ్లకూడదు.

ఒక మంచి ఉదాహరణ చెప్తాను. కార్క్, కెర్రీ కౌంటీల మధ్య బేరా ద్వీపకల్పంలో హీలీ పాస్ అని కొండదారి ఉంది, బైకులవాళ్లకు బాగా తెలుసు. 1847లో కరువు పనిగా మొదలై ఆగిపోయింది. స్వతంత్ర ఐర్లండ్ మొదటి గవర్నర్ జనరల్ టిమ్ హీలీ చొరవతో మళ్లీ పని పెట్టి 1931లో పూర్తి చేశారు. ఇవాళ కార్లు తిరుగుతున్నాయి. క్లేర్ కౌంటీలో బాలీవాన్ దగ్గర మెలికలు తిరిగే కార్క్‌స్క్రూ హిల్ కూడా కరువు పనే. అంటే అన్నీ "ఎక్కడికీ పోని రోడ్లు" కాలేదు. పూర్తయినవాటి మీద రోజూ తిరుగుతాం, తారు కింద ఉన్నాయి కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

ఏది కరువు రోడ్డో తేల్చుకోవడం ఎలా

ఇక్కడే నా పని. అదృష్టవశాత్తూ ఐర్లండ్‌కు ఒక గొప్ప సౌకర్యం ఉంది. మైలుకు ఆరంగుళాల కొలతతో దేశం మొత్తాన్నీ సర్వే చేసి గీసిన మొదటి పటాలు 1846 నాటికి, అంటే పనులు ఉధృతం కాకముందే, పూర్తయ్యాయి. పడమటి కౌంటీల సర్వే చాలావరకు 1830ల చివర్లో, 1840ల మొదట్లో జరిగింది. ఇంటి గోడలూ పొలం గట్లూ కూడా గీశారు. తర్వాత 1880ల చివర్లో మొదలై మైలుకు 25 అంగుళాల పటాలు వచ్చాయి. రెండూ ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడొచ్చు.

మీ బాట మొదటి పటంలో ఉందంటే అది ఆ మహాకరువులో పుట్టిన రోడ్డు కాదు. మహా అయితే అప్పుడు వెడల్పు చేసి ఉంటారు. మొదటి దాంట్లో లేక రెండోదాంట్లో ఉందంటే కరువు రోడ్డు కావచ్చు, కానీ ఆ రెండు పటాలకూ మధ్య ఇంచుమించు 50 ఏళ్లున్నాయని మర్చిపోకూడదు. 1879 ప్రాంతంలో పడమట మళ్లీ పంట పోయింది, అప్పుడూ సహాయ పనులు పెట్టారు. 1891లో పేద పడమటి జిల్లాల కోసం ప్రత్యేకంగా ఒక బోర్డు పుట్టి రోడ్లు, రేవులు కట్టించింది. ఆ రోడ్లను కూడా జనం కరువు రోడ్లనే అంటారు. వాళ్ల దృష్టిలో తప్పూ లేదు.

ముందువైపు పొరపాటు ఇంకా ఎక్కువ. 1822లో కూడా పడమట కరువొచ్చింది. అప్పుడు అలెగ్జాండర్ నిమ్మో అనే ఇంజనీరు గాల్వే కౌంటీ పడమటి భాగమైన కానెమారాలోనూ, రిచర్డ్ గ్రిఫిత్ దక్షిణాదిలోనూ సహాయ పనుల కింద రోడ్లు వేయించారు. ఇవి చాలా బాగా వేసిన రోడ్లు, ఇప్పటికీ వాడుతున్నాం. ఎవరైనా నన్ను తీసుకెళ్లి "ఇదిగో, 1847 రోడ్డు" అని చూపిస్తే, వాలు మరీ లెక్కగా ఉండి, తూములు చక్కగా కుదిరి, మలుపులు సాఫీగా ఉంటే, నాకు ముందు నిమ్మో గుర్తొస్తాడు.

నేల మీద చూడాల్సినవి కొన్ని చెప్తాను. పాత డొంక దారులు, ఇక్కడి మాటలో బొరీన్లు, మనిషీ గాడిదా నడిచి పడినవి. కొండకు ఎదురుగా నిటారుగా ఎక్కేస్తాయి. సర్వే చేసి వేసిన బాట కొండ నడుమును పట్టుకుని ఒకే వాలుతో పోతుంది. గడ్డి మీద నడుస్తుంటే మడమకు కింద గట్టిగా తగులుతుంది. పక్కన గొర్రెలు గీకినచోట చూస్తే పిడికిలంత కంకర, సుత్తితో కొట్టిన అంచులతో కనబడుతుంది. నదిలో దొర్లిన నున్నటి గులకరాయి కాదది. లోయవైపు సున్నం లేకుండా పేర్చిన రాతికట్టు, లోపలికి కాస్త వంగి ఉంటుంది. మేం మేయోలో ఒక బాట పక్క నాచు తీసి చూసిన తూము ఇలా ఉంది: అటో రాయి, ఇటో రాయి నిలబెట్టి పైన ఒక పలక. లోపలికి చేయి పెడితే మోచేతి దాకా పోయింది, నీళ్లు ఇంకా పారుతున్నాయి. మూడడుగులు ముందుకు పోతే ఇంకో తూముకు తీసిన గుంట ఉంది, రెండు పక్కరాళ్లూ నిలబెట్టి ఉన్నాయి, పైపలక లేదు. పలక తెచ్చి గట్టున వేసి ఉంది కూడా! ఎత్తి పెట్టడమే మిగిలింది. పటాలు చూస్తే ఆ బాట మొదటి సర్వేలో లేదు, రెండోదాంట్లో చుక్కల గీతగా ఉంది. అక్కడ మాత్రం నేను నమ్మాను.

ఇంకో గుర్తు పేర్లు. కొన్ని బాటలకు ఐరిష్‌లో "పసుపు పిండి రోడ్డు" అనే అర్థం వచ్చే పేర్లున్నాయి. పసుపు పిండి అంటే అమెరికా నుంచి తెప్పించిన మొక్కజొన్న పిండి. (పాత రికార్డుల్లో "ఇండియన్ మీల్" అని కనబడితే మన దేశం నుంచి వెళ్లిందనుకోకండి.) అలాంటి పేరు పాత కాగితాల్లో దొరికితే మంచి సాక్ష్యమే.

సాక్ష్యం కానివి కూడా చెప్పాలి. కొండవాలున కనిపించే చాళ్లన్నీ కరువులో వదిలేసినవి కావు. ఆ పద్ధతిలో దుంపలు అంతకు ముందూ తర్వాతా వేశారు. అకిల్ దీవిలో స్లీవ్‌మోర్ కొండ కింద పైకప్పులు లేని రాతి ఇళ్ల వరుస ఉంది, టూరిస్టు బస్సుల్లో దాన్ని కరువు గ్రామం అంటారు. నిజానికి అది కరువు తర్వాత నెమ్మదిగా ఖాళీ అయింది, ఆ పైన కూడా వేసవిలో పశువులను తోలుకొచ్చి ఉండేవారు. మీ రూమ్మేట్ అనుమానం అలాంటి చోట్ల సరైనదే.

ఆకలి గడ్డి

దీన్ని ఐరిష్‌లో ఫేర్ గోర్తఖ్ అంటారు. కథలు ఒకటి కాదు. ఆకలితో మనిషి పడి చచ్చిన చోట మొలిచిన గడ్డి అంటారు కొందరు. శవపేటిక మోస్తూ కింద దించిన చోటు అంటారు ఇంకొందరు. బయలు మీద కూర్చుని తిని, కనబడనివాళ్లకు నాలుగు మెతుకులు వదలకుండా లేచిపోయిన చోటు అనేది మరో మాట. చివరిదాంట్లో కరువు ఊసే లేదు చూశారా? అందుకే ఈ నమ్మకం మహాకరువు కంటే పాతదనీ, కరువు వచ్చి దానికి కొత్త అర్థం తగిలించిందనీ నా అభిప్రాయం. మందు మాత్రం అన్ని కథల్లోనూ ఒకటే: ఓట్స్ రొట్టె ముక్క ఒకటి నోట్లో వేసుకోవడం.

దీన్ని "దారితప్పించే మట్టిగడ్డ"తో కలిపేయకండి. అది వేరు. అది తొక్కితే తెలిసిన పొలంలోనే తెల్లవార్లూ తిరుగుతారు, కోటు తిరగేసి తొడుక్కుంటే దారి కనబడుతుందంటారు. అలాగే కరువు మనిషి అని ఒకడున్నాడు, ఎముకల గూడులా ఇంటింటికీ తిరిగి బిచ్చమడుగుతాడు, పెట్టినవాళ్లకు కలిసొస్తుంది.

ఇక రొట్టె ఎందుకు ఉంచుకోమన్నానంటే, ఆకలి గడ్డి లక్షణాలు విన్న ఏ పర్వతారోహకుడైనా నవ్వుతాడు. ఉన్నట్టుండి కాళ్లు తేలిపోవడం, చెమట, వణుకు, కళ్లు తిరగడం, ఒక్క ముక్క తినగానే పది నిమిషాల్లో తేరుకోవడం. పొద్దున సరిగా తినకుండా తడి నేలలో గంటలకొద్దీ ఎక్కితే రక్తంలో చక్కెర పడిపోతుంది, అంతే. మా బృందంలో కొత్తవాళ్లకు ఇది తరచూ జరుగుతుంది, ముఖ్యంగా కాఫీ మాత్రమే తాగి వచ్చేవాళ్లకు. నేను ఖర్జూరాలు, పల్లీ చిక్కీ పెట్టుకుంటాను. షుగర్ మందులు వాడే పెద్దవాళ్లు మీతో వస్తే ఇంకా జాగ్రత్త. ఆ పెద్దాయన మీకు చెప్పింది కొండల్లో బతికిన అనుభవం, కారణం చెప్పిన తీరు వేరు, అంతే తేడా.

అయితే ఇంత మాత్రాన కథ అయిపోయిందనుకోను. చక్కెర పడిపోవడం ప్రపంచమంతా ఉంది. దాన్ని "ఇక్కడ ఎవరో ఆకలితో చచ్చారు" అని చదువుకున్నది ఈ కొండల వాళ్లు.

అంకెలు ఎలా పెరుగుతాయో చూడండి: డూలాక్

కిల్లరీకి ఉత్తరాన, మేయో వైపు, డూలాక్ లోయ ఉంది. 1849 మార్చి 30న లూయిస్‌బర్గ్‌లో వందలమంది పేదలు సహాయం కోసం పోగయ్యారు. వాళ్లను పరీక్షించి అర్హులా కాదా తేల్చాల్సిన అధికారులు అక్కడ ఆగకుండా డెల్ఫీ లాడ్జి అనే వేట బంగళాకు వెళ్లిపోయారు. మర్నాడు పొద్దున్నే డెల్ఫీకి రాకపోతే జాబితాలోంచి పేరు కొట్టేస్తామని కబురు. దూరం సుమారు 19 కిలోమీటర్లు, చలి, వాన, కొండదారి. వెళ్లారు. తిరిగొచ్చే దారిలో చనిపోయారు.

ఎంతమంది? కొద్ది రోజులకే ఒక స్థానిక పత్రికలో వచ్చిన ఉత్తరం దారి పక్కన ఏడు శవాలు దొరికాయనీ, ఇంకో తొమ్మిదిమంది ఇల్లు చేరలేదనీ చెప్పింది. ఊరి కథల్లో అది 400, 600 అయింది. గాలి వానకు మనుషులు కొండ అంచు నుంచి సరస్సులోకి కొట్టుకుపోయారంటారు. అధికారులు భోంచేస్తున్నారు, కదిలించొద్దన్నారని కూడా ఆ కథలో ఉంటుంది.

నా పద్ధతి ఇది: తేదీలకూ అంకెలకూ కాగితం, అవమానానికి ఊరి నోరు. పదహారుమందే చనిపోయి ఉండొచ్చు. కానీ ఆకలితో ఉన్నవాళ్లను ఒక సంతకం కోసం అంత దూరం నడిపించారన్న కోపం 600 అనే అంకెలో బతికింది. కాగితంలో అది దొరకదు. ఇప్పుడు ఆ లోయలో సరస్సు పక్కన చిన్న రాతి సిలువ ఉంది, దాని మీద గాంధీ గారి మాటలు చెక్కారు, తోటి మనిషిని అవమానించి మనిషి గౌరవం ఎలా పొందుతాడన్న భావంతో. 1988 నుంచి అక్కడ ఏటా స్మారక నడక జరుగుతుంది, 1991లో దక్షిణాఫ్రికా ఆర్చిబిషప్ డెస్మండ్ టూటూ కూడా నడిచారు. మీరు మొదట చూడాల్సింది నన్నడిగితే అదే.

కథలు ఎక్కడున్నాయి, ఏవి దాచారు

1937 నుంచి 1939 వరకు ఐరిష్ జానపద కమిషన్ ఒక అద్భుతమైన పని చేసింది. దాదాపు 5,000 బడుల పిల్లలు, సుమారు 50,000 మంది, ఇళ్లలో తాతలు అవ్వలు చెప్పిన సంగతులు నోట్‌బుక్కుల్లో రాశారు. అవన్నీ స్కాన్ చేసి డూఖస్ అనే వెబ్‌సైట్‌లో ఉంచారు, ఊరి పేరుతో వెతకొచ్చు. మీ రూమ్మేట్‌కు చూపించండి. టూరిస్టు బస్సులు రాకముందు పన్నెండేళ్ల పిల్ల రాసిన దస్తూరీలో ఆకలి గడ్డి దొరుకుతుంది.

వాటిలో ఒక విచిత్రం గమనిస్తారు. చాలామంది "మా ఊళ్లో అంతగా లేదు, పక్క ఊళ్లో చాలా ఘోరం" అంటారు. పక్క ఊరి నోట్‌బుక్ తీస్తే వాళ్లూ అదే మాట. బతికి బయటపడినవాళ్ల పిల్లలు కదా చెప్తున్నది, వాళ్లకు చెప్పుకోలేనివి ఉన్నాయి. ఎవరో వెళ్లిపోతే వాళ్ల పొలం ఎవరో కలుపుకున్నారు. ఎవరో మతం మార్చుకుంటేనే గంజి పోస్తామన్నవాళ్ల దగ్గర తాగారు. ఇంటావిడ ఉన్న పాలన్నీ ఆకలిగొన్నవాళ్లకు పోసేస్తే, మొగుడు తిట్టబోయేసరికి కుండ మళ్లీ నిండి ఉందనే కథ చాలాచోట్ల దొరుకుతుంది. గింజ దాచినవాడి ఇల్లు నాశనమైందనేది కూడా అంతే. దుంపలు ఎక్కువ పండిన ఏడాది వాటిని కాలవల్లో పారబోశారు, ఆ పాపం తగిలిందని తమను తాము తిట్టుకునే మాట కూడా ఉంది. నాకు చదవడానికి అన్నింటికంటే కష్టంగా ఉండేది అదే.

అందుకే ఒక హెచ్చరిక. పెద్దవాళ్లు చెప్పే కథల్లో ఇంటిపేర్లు వస్తాయి. "ఫలానావాళ్లు గంజి తాగారు" అని. ఆ ఇంటివాళ్లు ఇంకా అదే ఊళ్లో ఉంటారు. విన్నది ఫేస్‌బుక్కులో పెట్టకండి.

మన వైపు సంబంధం ఉందా అని కూడా అడిగారు

ఉంది, నిజమైనదే. ఐర్లండ్ కరువు పనుల ఖర్చు మీద లండన్ ఖజానా శాఖలో కూర్చుని పగ్గాలు పట్టిన అధికారి చార్లెస్ ట్రెవెలియన్. ఇక్కడ ఆ పేరు ఇప్పటికీ తిట్టులాగే వాడతారు. ఆయనే 1859లో మద్రాసు గవర్నరుగా వచ్చాడు, 1860లో వెనక్కి పిలిపించారు. అంటే మన కోస్తా జిల్లాలు కొన్నాళ్లు ఆయన ఏలుబడిలో ఉన్నాయి. తర్వాత 1876-78 ధాత కరువులోనూ అదే సూత్రం నడిచింది: పని చేస్తేనే గింజ. కరువు పనుల పర్యవేక్షణకు భారత ప్రభుత్వం పంపిన రిచర్డ్ టెంపుల్ వచ్చి రోజు కూలిని ఒక పౌను గింజలు, ఒక అణాకు దించాడు. బకింగ్‌హామ్ కాలవలో మద్రాసు నగరం గుండా పోయే ముక్కను అప్పటి కరువు కూలీలే తవ్వారు. మన పల్లెల్లో ఉపాధి హామీని ఇవాళ్టికీ "కరువు పని" అనే అంటారు. మా అమ్మకు ఫోన్లో ఇక్కడి ఫామిన్ రోడ్డు గురించి చెప్తే "కరువు పని రోడ్డా" అంది. నేను ఇంకేమీ వివరించాల్సిన పని పడలేదు.

కాకపోతే రెండింటినీ ఒకటే అని కలిపేయడం నాకిష్టం లేదు. ఇక్కడ తెగులు, అక్కడ వాన లేకపోవడం. ఇక్కడివాళ్లు ఓడలెక్కి అమెరికా పోయారు, మనవాళ్లలో చాలామందికి ఆ దారీ లేదు.

వెళ్లేముందు

ఐర్లండ్‌లో ఎక్కడపడితే అక్కడ నడిచే హక్కు చట్టంలో లేదు. గుర్తులు పెట్టిన నడకదారి కాకపోతే పొలం యజమానిని అడగండి, ఎక్కువమంది సరే అంటారు. గేటు ఎలా ఉంటే అలాగే వదలండి. రాళ్లు కదపకండి, ఫొటో కోసం చిన్న చిన్న గుట్టలు పేర్చకండి. దారి పక్క ఒంటరి రాతిగుట్ట ఎవరో చనిపోయినచోట దారిన పోయేవాళ్లు తలా ఒక రాయి వేసింది కావచ్చు. ముళ్లపొదల మధ్య చిన్న చిన్న రాళ్లు నిలబెట్టి కనిపిస్తే బాప్టిజం కాకుండానే పోయిన పసిబిడ్డలను పూడ్చిన చోటు కావచ్చు. అక్కడ టిఫిన్ విప్పకండి.

పెద్దవాళ్లను "ఇది ఫామిన్ రోడ్డేనా" అని అడగకండి, మర్యాదకు అవునంటారు. "ఈ బాట ఎక్కడికి పోయేది, మీ తాతల కాలంలో ఎవరు వాడేవారు, దీన్ని ఏమని పిలిచేవారు" అని అడగండి. పీట్ (ఎండబెట్టి పొయ్యిలో కాల్చే నేలమట్టి) తెచ్చుకోవడానికి, గొర్రెలు తోలడానికి, చర్చికి అని చెప్తే దానికి కరువుతో సంబంధం లేకపోవచ్చు. "ఏమో, ఎక్కడికీ పోదు" అంటే పటం తీయండి.

మీరు నడిచింది రోస్‌రో చివర నుంచా, లీనాన్ వైపు నుంచా రాయలేదు. మధ్యలో ఫోహర్ అనే పాడుబడిన ఊరి గోడలు దాటారా లేదా చెప్పండి. టౌన్‌ల్యాండ్ (ఇక్కడి అతి చిన్న భూవిభాగం) పేరు, బాట ఫొటో ఒకటి ఇక్కడ పెడితే రెండు పటాలూ పక్కపక్కన చూసి ఏ ముక్క ఎప్పటిదో చెప్తాను. మార్చి, ఏప్రిల్‌లో గొర్రెలు ఈనుతుంటాయి, అప్పుడు వెళ్తే స్నేహితుల కుక్కను మాత్రం తీసుకెళ్లకండి.